మన పాట మన బండిలో: ప్లేయరును కారు స్టీరియోతో కలుపు విధానము

రాయపూరు నగరమున కాపురముండు తెలుగు కుటుంబమునకు ఒక చిన్న కొరత కలదు. కారులో కూర్చుండి రేడియో త్రిప్పినచో హిందీ పాటలు వచ్చును, ఛత్తీస్‌గఢీ పాటలు వచ్చును, వ్యాపార ప్రకటనలు వచ్చును. తెలుగు పాట మాత్రము రాదు. విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతములనుండి రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా వచ్చు రైలుమార్గమును పట్టుకొని రైల్వే కొలువులకును, వర్తకమునకును వచ్చినవారును, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడి ఈ నగరము రాజధాని యైన పిమ్మట క్రొత్త ఉద్యోగములకై చేరినవారును, ఇంట తెలుగు మాటాడుకొన్నను, వీధిలో అడుగిడినంతనే హిందీలో వ్యవహరింపవలసినవారే. అట్టివారికి తలుపులు మూసిన కారు రెండవ ఇల్లు వంటిది. ఆ యింట మన పాట వినబడవలెనన్నచో దానిని మనమే వెంట కొనిపోవలెను.

కొనిపోవుటకు మీకు సాధనములు లేవా? బీరువా సొరుగులో ఒక పాత ఐపాడో, చేతిలో ఇమిడిపోవు ఎం.పి.3 ప్లేయరో, పిల్లలు క్రొత్తది కొనుక్కొని విడిచిన ఫోనో ఉండియే యుండును. అందులో పాటలును ఉండును. మరి అవి మీ కారు స్పీకర్లలో ఏల మ్రోగుటలేదు? తరచుగా జరుగునది ఇది: జైస్తంభ్ చౌకు దగ్గరి రవి భవనమునకు పోయి, దుకాణదారుడు చేతికిచ్చిన తీగను కొని తెత్తురు, ఇంటికి వచ్చి చూడగా అది కారులో ఎచటను పట్టదు, పట్టినను బుర్రుమని రొద వచ్చును, రొద లేకున్నను పాట రాదు. రెండుమార్లు ప్రయత్నించి, ‘ఇది మన వల్ల కాదు’ అని తీగను గ్లవ్ బాక్సులో పడవేయుదురు. ఇందు తీగ దోషము లేదు. ప్లేయరు దోషమును లేదు. ముందుగా చూడవలసిన దానిని చివరకు చూచుటయే దోషము.

కావున ఈ అధ్యాయమునకంతటికిని మూలమైన నియమమును మొదటనే చెప్పుచున్నాను: తీగను కొనుటకు ముందు ద్వారమును చూడుడు. మీ స్టీరియోకు ఏ ద్వారములు కలవో, మీ ప్లేయరునకు ఏ ద్వారములు కలవో తెలిసికొన్నచో, నడుమ ఏమి కావలెనో ఎవరు చెప్పకయే తేటపడును. దీనికి ఇంజనీరింగు చదువు అక్కరలేదు. పగటివెలుతురును, అరగంట తీరికయును చాలును.

మొదటి మెట్టు: స్టీరియో ముఖమును చదువుడు

బండిని నీడలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళపుచెవిని స్టీరియో వెలుగునంతవరకు మాత్రమే త్రిప్పి, డాష్‌బోర్డు ముందు స్థిమితముగా కూర్చుండుడు. ఈ క్రింది వానిని వరుసగా వెదకుడు.

1. ఆక్స్ రంధ్రము. 3.5 మిల్లీమీటర్ల గుండ్రని చిన్న రంధ్రము; హెడ్‌ఫోను పిన్ను పట్టునట్టిది. ఇది స్టీరియో ముఖముననే ఉండవలెనని లేదు. గేరు పక్కను, ముంజేయి ఆనించుకొను పెట్టెలోను, గ్లవ్ బాక్సులోను దాగి యుండవచ్చును. ఏండ్ల తరబడి కారు నడుపుచు తమ బండికి ఆక్స్ కలదని ఎరుగనివారు పెక్కుమంది కలరు.

2. యు.ఎస్.బి. ద్వారము. ఒకటికంటె ఎక్కువ ఉన్నచో అన్నియు పాటలకు పనికిరావు. మెరుపుగీత మాత్రమే గుర్తుగా గలది సాధారణముగా చార్జింగునకే. సంగీత స్వరము గుర్తో, మూడు కొమ్మల గుర్తో కలది పాటలను చదువును. అనుమానమున్నచో ఒక పెన్‌డ్రైవు పెట్టి చూచిన తేలిపోవును.

3. బ్లూటూత్. దీనికి రంధ్రముండదు. ముఖముపై దాని గుర్తో, ఫోను బొమ్మ గల బొత్తామో ఉండును. సెట్టింగులలో ఆ పేరు కనబడును.

4. 12 వోల్టుల లైటరు సాకెట్టు. పైవేవియు లేని బండికి ఇది ఆధారము.

5. క్యాసెట్టు నోరు. చాల పాత బండ్లలో ఇంకను కలదు, అదియును పనికివచ్చును.

పిదప స్టీరియోపై సోర్స్ అనియో, మోడ్ అనియో, మీడియా అనియో పేరుగల బొత్తామును ఒక్కొక్కమారు నొక్కుచు, తెరపై ఏ పేర్లు వచ్చుచున్నవో ఒక కాగితముపై వ్రాసికొనుడు. వ్రాయుట ఎందుకందురా? దుకాణములో నిలువబడినప్పుడు జ్ఞాపకము మోసపుచ్చును, కాగితము మోసపుచ్చదు.

రెండవ మెట్టు: ప్లేయరు ముఖమును చదువుడు

2001 అక్టోబరులో పుట్టి 2022 మే నెలలో తయారీ నిలిచిపోయిన ఐపాడ్ వంశములో ఏది మీయొద్ద నున్నను దానికి 3.5 మిల్లీమీటర్ల రంధ్రము కలదు. ఆక్స్ గల కారునకు అదియే చాలును. పాత ఐపాడ్లలో పెక్కింటికి క్రింద వెడల్పైన 30 పిన్నుల ముఖముండును. దానిద్వారా వచ్చు ధ్వని ప్లేయరు వాల్యూముతో మారక నిలకడగా ఉండును గనుక, దానికి తగిన తీగ దొరకినచో హెడ్‌ఫోను రంధ్రము కంటె అదియే మేలు. చిన్న ఎం.పి.3 ప్లేయర్లకు సాధారణముగా ఆ గుండ్రని రంధ్రమును, ఒక యు.ఎస్.బి. ముఖమును ఉండును.

ఫోనుల సంగతి వేరు. 2016లో ఐఫోను 7 ఆ రంధ్రమును విడిచిపెట్టిన పిదప, తక్కిన కంపెనీలును పెక్కు నమూనాలలో దానిని తీసివేసినవి. అట్టి ఫోనునకు ఆక్స్ తీగ తగిలింపవలెనన్న నడుమ ఒక చిన్న కన్వర్టరు కావలెను. టైప్-సి కన్వర్టరు కొనునప్పుడు ఒక జాగ్రత్త కలదు: అంకెల రూపమున నున్న పాటను ధ్వనిసంకేతముగా మార్చు డాక్ అను చిప్పు కొన్నింటిలో ఉండును, కొన్నింటిలో ఉండదు. చిప్పు లేనిది అన్ని ఫోనులతోను పనిచేయదు. డాక్ ఉన్నదా యని అడిగి, మీ ఫోనుతోనే పరీక్షించి, పాట విన్న పిమ్మటనే పైకమీయుడు.

మూడవ మెట్టు: మార్గమును ఎన్నుకొనుడు

స్టీరియో ద్వారములును, ప్లేయరు ద్వారములును తెలిసినవి గదా! ఇక వానిని కలుపు మార్గములు ఐదు.

1. ఆక్స్ తీగ: సులువైనది, నమ్మదగినది

రెండు కొసలను 3.5 మిల్లీమీటర్ల పిన్నులు గల తీగ ఇది. పిన్నుపై రెండు నల్లని వలయములున్నచో అది మూడు భాగములుగా విభక్తమైనది. కారునకు అదియే కావలసినది. మూడు వలయములున్నది మైకుతో కూడిన హెడ్‌ఫోనులకై ఏర్పడినది. కారులో అది సరిగా కుదురవచ్చును, కుదురకపోవచ్చును. మొదటిదానినే అడుగుడు. పొడవు ఒక మీటరు చాలును. మిక్కిలి పొడవైనది గేరుకు చుట్టుకొనును.

కలుపు క్రమము ఇది: మొదట రెండు వాల్యూములును తగ్గింపుడు. పిన్నును ప్లేయరులో పెట్టి, రెండవ కొసను కారులో టక్కుమను శబ్దము వచ్చువరకు నొక్కుడు. స్టీరియోను ఆక్స్‌నకు మార్చుడు. పాట మొదలిడి, ప్లేయరు వాల్యూమును అయిదింట నాలుగు పాళ్లకు పెంచి అచటనే నిలిపి, తక్కిన హెచ్చుతగ్గులన్నియు కారు బొత్తాముతోనే చేసికొనుడు. ప్లేయరులోని ఈక్వలైజరును ఆపివేయుడు. రెండుచోట్ల బాస్ పెంచినచో గొంతు బండబారి మాటలు తెలియవు.

ఈ వాల్యూము నియమమును తేలికగా తీసికొనకుడు. ప్లేయరును తగ్గించి కారును పెంచినచో పాటతో పాటు బుస్సుమను రొదయు పెరుగును. అటుపిమ్మట ఎవరైనను పొరపాటున రేడియో నొక్కినంతనే బండి అదిరిపడునంత మ్రోత పుట్టును. వెనుక సీటులో నిద్రించు పసివానికి అంతకంటె అపకారమేమి కలదు? అట్లే తీగను పీకుటకు ముందు కారు వాల్యూమును తగ్గింపుడు. లేనిచో ఢామ్మను దెబ్బ స్పీకర్లకు తగులును.

2. యు.ఎస్.బి.: ఒకమారు శ్రమ, పిదప సుఖము

కారుతో సరిగా మాటాడగల ఐపాడో ఫోనో అయినచో యు.ఎస్.బి. తీగతో కలిపిన చాలును. పాటయు వచ్చును, చార్జింగును జరుగును. అయితే సంతలో దొరకు కొన్ని తీగలలో విద్యుత్తును మోయు తంతులే గాని సమాచారమును మోయు తంతులుండవు. చార్జి ఎక్కుచున్నను పాట రాకున్నచో మొదట తీగను మార్చి చూడుడు. ఆండ్రాయిడ్ ఫోనును తగిలించినప్పుడు తెరపై వచ్చు ప్రశ్నకు ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని జవాబీయనిచో, కారు దానిని చార్జరుగా మాత్రమే ఎంచును.

కారు మీ ప్లేయరును గుర్తింపకున్నచో, అందలి పాటలను కంప్యూటరు ద్వారా పెన్‌డ్రైవులోనికి ఎక్కించుట ఉత్తమము. పెక్కు పాత స్టీరియోలు ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధపరచిన డ్రైవును మాత్రమే చదువును. 32 జీబీ, లేక అంతకంటె తక్కువది తీసికొన్నచో చిక్కులుండవు. పాటలు ఎం.పి.3 రూపమున నుండవలెను. పేర్లను తెలుగు లిపిలో వ్రాసినచో పెక్కు స్టీరియోలు గళ్ల వరుసను చూపును. కావున రోమను అక్షరములలో వ్రాసి, ముందు 01, 02 అని అంకెలుంచినచో పాటలు మీరు కోరిన వరుసలోనే వచ్చును. ఒక్కటి గుర్తుంచుకొనుడు: చందా కట్టు సంగీత యాప్‌లలో దింపుకొన్న పాటలు ఆ యాప్‌లోనే మ్రోగును, పెన్‌డ్రైవులోనికి రావు. మీ సొంత పాటల నిధి వేరుగా ఉండుట మంచిది.

3. బ్లూటూత్: తీగ లేని మార్గము

స్టీరియో సెట్టింగులలో పెయిరింగు తెరచి, ఫోనులోని బ్లూటూత్ వెదకులాటలో కారు పేరు కనబడగనే నొక్కి, అంకె అడిగినచో కారు తెరపై చూపినదానిని, ఏమియు చూపనిచో 0000 గాని 1234 గాని ఇచ్చి కలుపుడు. కలిసినది, ఫోను మాటలు వినబడుచున్నవి, పాట మాత్రము రాదు. ఏల? బ్లూటూత్‌లో మాటలకు ఒక దారి, సంగీతమునకు ఇంకొక దారి కలవు. ఫోనులో కారు పేరు పక్కనున్న గుర్తును నొక్కి, మీడియా ఆడియో అనుదానిని వెలిగింపుడు. అదియే కనబడనిచో మీ స్టీరియో కాల్సునకు మాత్రమే తయారైనదని యెంచి, ఆక్స్ మార్గమును పట్టుడు.

ఇంటిల్లిపాది ఫోనులును కారుతో జతపడినచో, ఇంజను మొదలిడగనే ఏది ముందు దొరకిన దానితో అది కలిసిపోవును. వాడని ఫోనుల పేర్లను జాబితానుండి తొలగింపుడు. ఆక్స్ మాత్రమే గల కారువారు కూడ ఈ సౌఖ్యమును పొందవచ్చును: బ్లూటూత్ రిసీవరు అను బొటనవ్రేలి పాటి పరికరమును ఆక్స్‌లో పెట్టి, దానికి యు.ఎస్.బి.నుండి విద్యుత్తునిచ్చినచో, పాత స్టీరియోయే క్రొత్త ఫోను పాట పాడును.

4. ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు: వేరు దారి లేనప్పుడు

లైటరు సాకెట్టులో గ్రుచ్చు ఈ పరికరము మీ ప్లేయరు పాటను కొలది మీటర్లవరకు మాత్రమే వినబడు ఎఫ్.ఎం. తరంగముగా పంపును, కారు రేడియో దానిని ఒక స్టేషను వలె పట్టును. విజయమంతయు ఖాళీ అంకెను ఎన్నుకొనుటలో కలదు. రాయపూరులో 94.3 మీద మై ఎఫ్.ఎం. గట్టిగా మ్రోగుచుండగా, ఆ అంకెను గాని దాని పక్క అంకెలను గాని పెట్టినచో ఎవరి పాట వినబడును? ముందు ట్రాన్స్‌మిటరును తీసివేసి, రేడియోను ఆ కొసనుండి ఈ కొసవరకు మెల్లగా త్రిప్పి, బుస్సుమను శూన్యము తప్ప ఏమియు లేని అంకెలను రెండు మూడు వ్రాసికొని, వానిలో ఒకదానిని రెండుచోట్లను పెట్టుడు.

పచ్‌పేడీ నాకా దాటి ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్, కొండగావ్‌ల మీదుగా జగదల్‌పూరునకు, అచటినుండి జయపురము, కోరాపుట్, సాలూరుల మీదుగా విజయనగరమునకు పోవు కుటుంబమును తలచుకొనుడు. రాయపూరులో ఖాళీగా నున్న అంకె వేరొక పట్టణమున ఖాళీగా ఉండవలెనని నియమము లేదు. పాటలో పరుల మాట చొచ్చుకొని వచ్చినచో పరికరము చెడిపోయినదని భ్రమపడక, పక్క సీటులోనివారు రెండవ అంకెకు మార్చినచో సరిపోవును.

5. క్యాసెట్టు అడాప్టరు: పాత బండ్లకు

పాతకాలపు క్యాసెట్టు స్టీరియో గల బండిని ప్రాణముగా చూచుకొనువారు మనలో ఇప్పటికిని కలరు. స్టీరియోను మార్చనక్కరలేదు. క్యాసెట్టు ఆకారమునే కలిగి, ఒక పక్కనుండి తీగ వ్రేలాడు అడాప్టరు దొరకును. స్టీరియోలోని హెడ్డునకు టేపు అందించు అయస్కాంత సంకేతమునే అది అందించును. లోపల పెట్టగనే బయటికి త్రోసివేయుచున్నను, అటునిటు దిశ మార్చుకొనుచున్నను, హెడ్డును శుభ్రపరచి, తీగ బయటికి వచ్చు పక్కను సరిచూచి మరల పెట్టుడు. చాల స్టీరియోలు అంతటితో దారికి వచ్చును.

నాలుగవ మెట్టు: తప్పులను పోల్చుకొనుడు

కలిపిన పిమ్మట చిక్కు వచ్చినచో నిరాశ పడనేల? కారు స్టీరియో చిక్కులలో పెక్కింటికి కారణము ఒక చిన్న సంగతియే.

1. గొంతు మాయమగుట. దీనిని కొంచెము దగ్గరగా చూతము. శంకర్ నగరులోని ఒక ఇంటివారు ఆదివారము తేలీబాంధా చెరువు గట్టునకు బయలుదేరినారనుకొనుడు. కూతురు తన ఫోనును ఆక్స్‌నకు కలిపి క్రొత్త సినిమా పాట పెట్టినది. వాద్యములు వినబడుచున్నవి, గాయకుని గొంతు మాత్రము ఎచటనో నూతిలోనుండి వచ్చినట్లున్నది.

“నాన్నా, పాట వస్తోంది గాని గొంతు రావడం లేదు!”

“ఆ కొత్త పాటలింతేనే అమ్మా. మాయాబజారు పెట్టు,” అన్నది వెనుకనుండి నాయనమ్మ.

1957 నాటి ఆ చిత్రపు పాట పెట్టగా దాదాపు ఏమియు వినబడలేదు. పాట చెడిపోయినదని తండ్రి, ఫోను చెడిపోయినదని కూతురు అనుకొనిరి. నిజమునకు ఏదియు చెడిపోలేదు. ఫోను తొడుగు మందముగా నుండుటచే పిన్ను వడ్లగింజ మేర వెలుపల నిలిచి, ఎడమ కుడి సంకేతములకు ఉమ్మడియైన భూతంతువు, అనగా గ్రౌండ్ తీగ, అంటుకొనలేదు. అప్పుడు స్పీకర్లకు చేరునది ఎడమ కుడి సంకేతముల భేదము మాత్రమే. క్రొత్త పాటలలో గొంతును రెండువైపులను సమముగా నుంచుదురు గనుక భేదములో అది కొట్టివేయబడి వాద్యములు మిగులును. ఘంటసాల కాలపు పాటలు మోనో పద్ధతిలో ధ్వనిముద్రణ మైనవి, రెండువైపులను ఒక్కటే, గనుక పాట యావత్తును కొట్టివేయబడును. తొడుగు తీసి పిన్నును లోపలికి నొక్కగనే నాయనమ్మ పాటయు, మనుమరాలి పాటయు స్వస్థానములకు వచ్చును. పాత పాట పెట్టి చూచుట ఈ దోషమునకు మంచి పరీక్ష యని గుర్తుంచుకొనుడు.

2. ఒకవైపే మ్రోగుట. పిన్నును మెల్లగా త్రిప్పి చూడుడు. త్రిప్పినప్పుడు వచ్చి పోవుచున్నచో తీగ లోపల తెగినది, దానిని మార్చుడు. ప్లేయరు రంధ్రములో జేబుల నూలుపీచు చేరియున్నచో ఎండిన పుల్లతో జాగ్రత్తగా తీయుడు, సూది వాడకుడు.

3. చార్జరు పెట్టినంతనే గుయ్యిమనుట. ఇంజను వేగముతో పాటు ఈ రొద హెచ్చుచు తగ్గుచుండును. చార్జరును పీకి చూడుడు. రొద ఆగినచో కారణము తెలిసినట్లే. చార్జరు ద్వారా ఒక దారిని, ఆక్స్ ద్వారా ఇంకొక దారిని భూతంతువు కలిసి చుట్టు ఏర్పడుటచే ఇది పుట్టును. ఇంటివద్దనే నిండుగా చార్జి చేసికొని బయలుదేరుట తేలికైన ఉపాయము. గ్రౌండ్ లూప్ ఐసొలేటరు అను చిన్న పెట్టెను ఆక్స్ తీగ నడుమ అమర్చుట శాశ్వతమైన ఉపాయము.

4. ఏమియు వినబడకుండుట. స్టీరియో ఏ సోర్స్ మీద నున్నది? ప్లేయరులో పాట నడచుచున్నదా, లేక ఆగియున్నదా? ఫోను ధ్వని ఇంకను ఇంటిలోని బ్లూటూత్ స్పీకరునకు పోవుచున్నదా? తీగలను ముట్టుకొనుటకు ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనుడు.

5. ఎండలో ప్లేయరును విడిచిపోవుట. రాయపూరు మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుట మీరెరిగినదే; మూసిన కారులోపలి వేడిమి అంతకంటెను చాల ఎక్కువ. ఐపాడ్, ఐఫోనులను ఎచట నుంచినను 45 డిగ్రీలు మించరాదనునది తయారీదారు విధించిన హద్దు. అంత వేడిలో లిథియం బ్యాటరీ శక్తి శాశ్వతముగా క్షీణించును, ఉబ్బుటయు కలదు. పండరి బజారులో బట్టలు కొనుటకు దిగునప్పుడు ప్లేయరును చేతిసంచిలో వేసికొని పొండు. కొన్ని బండ్లలో ఇంజను ఆపినను లైటరు సాకెట్టులో విద్యుత్తు ప్రవహించుచునే యుండును. అట్టివానిలో ట్రాన్స్‌మిటరును పీకి దిగవలెను.

ఐదవ మెట్టు: ప్రయాణమునకు ముందే అంతయు సిద్ధపరచుడు

రాయపూరునుండి జగదల్‌పూరు సుమారు 300 కిలోమీటర్లు. నడుమ కేశ్‌కాల్ ఘాటు మలుపులును, బస్తరు అడవులును కలవు. ఫోను సంకేతము అన్నిచోట్ల అందదు. అంతర్జాలముపై ఆధారపడి పాటలు వినవలెనన్నచో మంచిచోట పాట ఆగిపోవును. కావున ముందటి రాత్రియే పాటలను ప్లేయరులోనికి దింపుకొని, వరుస కూర్చుకొనుడు.

ఆ వరుసను కూర్చుటలోను ఒక నేర్పు కలదు. తెల్లవారుజామున బయలుదేరునప్పుడు పెద్దలకొరకు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గళమున సుప్రభాతమును, ఎండ ఎక్కిన పిమ్మట పిల్లల క్రొత్త పాటలను, మధ్యాహ్నపు నిద్రమత్తు వేళ చోదకుని మేలుకొలుపునట్టి హుషారైన పాటలను, సాయంకాలము అందరు కలిసి పాడుకొనదగిన లవకుశ వంటి పాతచిత్రముల పాటలను ఉంచినచో, ‘నా పాట ఎప్పుడు?’ అను తగవు పుట్టదు. ప్రతివారిని పది పాటలు చెప్పుమని అడిగి చేర్చినచో పిల్లలకు తాత పాటలును, తాతకు పిల్లల పాటలును అలవడును. ఇంటిలో తలకొక తెర ముందు కూర్చుండువారు ఒకే పాటను కలిసి వినుటకు కారు కంటె అనువైన చోటేది?

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. బండి కదలిన పిమ్మట చోదకుడు ప్లేయరును ముట్టరాదు. పాట మార్చుట, అంకె మార్చుట, పెయిరింగు చేయుట, అన్నియు పక్కవారి పని. ఒంటరిగా పోవునప్పుడు బండిని పక్కకు నిలిపి చేయవలసిన పని. మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను 2019 సవరణ తరువాత, నడుపుచు ఫోనును చేతబట్టుటను ప్రమాదకరమైన చోదనములో చేర్చినది. మొదటి నేరమునకే 1000 నుండి 5000 రూపాయల వరకు జరిమానా గాని, కారాగారవాసము గాని, రెండును గాని కలవు. చట్టము మాట అట్లుండగా, టాటీబంధ్ కూడలిలో నలుదిక్కులనుండి లారీలు వచ్చుచుండ రెండు నిముషములు కాదు, రెండు క్షణములు చూపు మరలినను ఏమగునో ఊహించుకొనుడు. వాల్యూమును కూడ వెనుక వచ్చు అంబులెన్సు మ్రోతయు, పక్క బండి హారనును వినబడు మేరకే ఉంచుడు.

దుకాణములో ఏమి అడుగవలెను?

మీరు వ్రాసికొన్న కాగితమును, ప్లేయరును వెంట తీసికొని పొండు. వీలైనచో కారునే తీసికొని పొండు. ‘పాటల తీగ ఇయ్యుడు’ అని అడిగినచో దుకాణదారుడు తనయొద్ద ఎక్కువగా నున్నదానిని ఇచ్చును. ‘భయ్యా, ఆక్స్ కేబుల్, దోనో తరఫ్ మేల్, ఏక్ మీటర్’ అని స్పష్టముగా అడిగినచో మీకు కావలసినదే వచ్చును. వెల ఎక్కువైనదెల్ల మేలైనది కాదు. బంగారుపూత పిన్ను గలదని చెప్పినంతనే మురియక, పిన్ను మొదట తీగ వంగుచోట గట్టి రబ్బరు తొడుగు కలదా లేదా అని చూడుడు. తీగలు సాధారణముగా తెగునది అచటనే. కొన్న వెంటనే కారులో కలిపి, ఒక క్రొత్త పాటయు ఒక పాత పాటయు పూర్తిగా విని, అప్పుడు ఇంటికి రండు. స్టీరియోనే మార్చుమని అతడు సలహా నిచ్చినచో తొందరపడకుడు. పైన చెప్పిన ఐదు మార్గములలో ఏదియు కుదురనప్పుడే ఆ యోచన చేయవలెను.

ఈ వారము మీరు చేయవలసిన పని

చదివి ఊరకున్నచో ఈ అధ్యాయము వలన ప్రయోజనమేమి? ఈ ఆదివారము ఉదయము, ఎండ ముదురకముందే, బండి దగ్గరకు పోయి ఈ పనులు చేయుడు.

1. స్టీరియో ద్వారములను వెదకి వ్రాసికొనుడు.
2. ప్లేయరు ద్వారములను వ్రాసికొనుడు.
3. రెండింటిని కలుపు మార్గమును ఐదింటినుండి ఎన్నుకొనుడు. ఆక్స్ గాని యు.ఎస్.బి. గాని ఉన్నచో వానినే కోరుకొనుడు, తరువాతిది బ్లూటూత్, చివరిది ఎఫ్.ఎం.
4. కావలసిన ఒక్క వస్తువునే కొనుడు.
5. నిలిచిన బండిలో పది నిముషములు విని, వాల్యూములను కుదుర్చుడు.
6. ఇంటిలో పెద్దవారిని అడిగి వారు కోరిన పాటను మొదట చేర్చుడు.

ఇందు మీకు చేతకానిది ఒక్కటియు లేదు. పరికరముల పేర్లు క్రొత్తవైనంత మాత్రమున పని కష్టమైనది కాదు. చూచి, వ్రాసికొని, ఒక్కొక్కటిగా పరీక్షించువారికి ఈ పని ఒక్క పూటలో తీరును. పరప్రాంతమున పెరుగు మన పిల్లలకు తెలుగు పాట చెవిని పడు అవకాశములు తక్కువ. ఉన్న అవకాశమును ఒక తీగ కొరత వలన పోగొట్టుకొనకుడు. ఈ ఆదివారమే మొదలిడుడు.